సినిమాహాల్లోనూ మగ్గం పలకే

షమీమ్ ఏలూరులో తివాచీలు నేస్తుంది. ఉన్ని ముడులు వేసి వేసి ఆమె బొటనవేలి గోరు పక్కకి తిరిగిపోయింది, నడుం ముందుకి వంగిపోయింది. నోరు మాత్రం ఇప్పటికీ తిన్నగానే ఉంది, ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతుంది.

ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జాహిద్ తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. చిన్నవాడు మోయిన్ తల్లి దగ్గరే ఉంటూ, కొల్లేటి చెరువుల్లో పట్టిన చేపలకి ఐసు కొట్టి నింపిన లారీ దూరాలకి తోలతాడు. చిన్నప్పుడు ఇద్దరూ మగ్గం ముందు పలక మీద తల్లికి చెరో పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాళ్లే. ఎడమ పక్క జాహిద్, కుడి పక్క మోయిన్. మధ్యలో షమీమ్ లేకపోతే ఇద్దరూ ఒకళ్ల ఉన్ని ఒకళ్లు లాక్కునేవాళ్లు.

ఇప్పుడు లాక్కోవడానిక్కూడా దగ్గరికి రావట్లేదు. తండ్రి సైఫుల్లా పోయినరోజు మోయిన్ లారీతో అస్సాం దారిలో ఉన్నాడు. శవాన్ని ఎక్కువసేపు ఉంచడం వాళ్లలో లేదు, పొద్దుగూకేలోపే మట్టి చేసేశారు. అన్న ఒక్క పూట ఆగలేకపోయాడని చిన్నవాడికి కోపం. జబ్బు మనిషిని వదిలి లారీ ఎక్కాడని పెద్దవాడికి కోపం. అప్పట్నించీ పండక్కి ఒకడు తిని లేచి వెళ్లాకగానీ ఇంకొకడు గడపతొక్కడు. రెండేసిసార్లు వడ్డించి నా చేతులు అరుగుతున్నాయి, మీ కోపాలు అరగట్లేదేమర్రా అని షమీమ్ ఇద్దరికీ విడివిడిగా చీవాట్లు పెట్టేది. విడివిడిగానే విని ఊరుకున్నారు.

అలాంటప్పుడు ఒక సినిమాకి రెండో భాగం వచ్చింది. మొదటిది సైఫుల్లా ఉండగా నలుగురూ కలిసి చూశారు. అందులో ఒక తండ్రి. ఇంట్లోవాళ్లు వేసే జోకులకల్లా పడిపడి నవ్వుతుంటాడు. చెవులు ఎప్పుడో పోయాయనీ, పిల్లల మొహాలు చూసి నవ్వుతున్నాడనీ చివర్లో తెలుస్తుంది. హాలంతా ముక్కులు చీదింది. ఆ తరవాత నెలరోజులు, షమీమ్ తిట్టినప్పుడల్లా సైఫుల్లా చెవులు వినపడనట్టు నవ్వుతూ కూర్చునేవాడు.

ఈ రెండోది ముగ్గురం కలిసి చూస్తే పిల్లల మనసులు కరుగుతాయని షమీమ్ ఆశ. ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పింది, వాడు రావట్లేదురా అని. కోడలు నాజియా చేత ఫోన్లో టికెట్లు తీయించి, కొడుకులిద్దరూ పక్కపక్కన కూర్చునేలా తను చివరి సీట్లో ఉండాలని దారంతా అనుకుంటూనే ఉంది. హాల్లో కొడుకులు ఒకళ్లనొకళ్లు చూసి బిగుసుకుపోయారు. ఆ కంగార్లో జాహిద్ ఎడమకి వెళ్లాడు, మోయిన్ కుడికి వెళ్లాడు, షమీమ్ వెళ్లి మధ్యలో కూలబడింది. నలభై ఏళ్ల అలవాటు, ఒళ్లు దానంతటది కూర్చుంది. తెలుసుకునేసరికి దీపాలారిపోయాయి.

సినిమా నవ్వించింది, కాదనకూడదు. కడుపు పట్టుకుని నవ్వారు జనం. షమీమ్ కూడా నవ్వింది. కానీ నవ్వించేదంతా ఆ చెవిటి తండ్రిని ఆటపట్టించే. ఆయన వెనకాల గిన్నెలు మోగిస్తారు, నీళ్ల తొట్లోకి తోస్తారు, ఆయన లేచి మళ్లీ నవ్వుతాడు. ఇదిగో ఇప్పుడొస్తుంది మనసు మెలిపెట్టేది అని షమీమ్ కాచుకు కూర్చుంది. ఇంటర్వెల్లో కాళ్లు పీకుతున్నాయని వంకపెట్టి వెనక వరసలో ఖాళీగా ఉన్న సీటుకి పోయింది. కొడుకులు దగ్గరికి జరుగుతారనుకుంది. ఆమె లేచిన సీట్లో పాప్‌కార్న్ పొట్లం పెట్టుకుని, అటొకడు ఇటొకడు తిన్నారు. మనసు మెలిపెట్టేది రాకుండానే సినిమా అయిపోయింది. ఇంత దూరం ఈ నడుం నొప్పితో ఈడ్చుకొచ్చింది దీనికా అనుకుంది.

మెట్లు దిగుతుంటే జాహిద్ తల్లితో అన్నాడు: "ఆ పెద్దాయన్ని అంత ఎగతాళి చేస్తారా అమ్మీ? మొదటి దాంట్లో ఆయన్ని చూసి మన అబ్బా కళ్లు తుడుచుకున్నాడు."

వెనక నుంచి మోయిన్, గోడకి చెప్పినట్టు: "అబ్బా ఒక్కడేనా. ఇంకొకళ్లు కూడా తుడుచుకున్నారు. నా తువ్వాలుతోనే."

జాహిద్ ఆగి వెనక్కి తిరిగాడు. "నీ తువ్వాలు చేపల కంపు. నా కళ్లు మండింది అందుకురా."

"అబ్బా ఉంటే ఇంటర్వెల్లోనే లేచొచ్చేసేవాడు."

"రాడు. చివరిదాకా కూర్చుని, తెల్లారేదాకా తిట్టేవాడు."

మోయిన్ నవ్వబోయి మానేశాడు. జాహిద్ గొంతు తగ్గించి, మెట్ల వైపు చూస్తూ అన్నాడు: "ఆరోజు నీ వంతు మట్టి కూడా నేనే వేశాన్రా. మూడు పిడికిళ్లు. నీ పేరు చెప్పే వేశాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా భాయ్" అన్నాడు మోయిన్.

"నువ్వు ఫోనెత్తితేగా."

ఫోను నువ్వు ఎన్నిసార్లు చేశావు, నువ్వు ఎన్నిసార్లు కట్ చేశావు అని వాదించుకుంటూ ఇద్దరూ గేటు దాటి టీకొట్టు వైపు నడిచారు. తల్లి మెట్ల మీదే ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. షమీమ్ కింది మెట్టు మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంది. ఆకలేసింది, దాహమేసింది, ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది. ఒక్క కేక వేస్తే ఇద్దరూ పరిగెత్తుకొస్తారు, వచ్చి చెరో పక్కన నిలబడతారు.

అందుకే పిలవలేదు.