పాత పెట్టె పిలిచిన దారి

“ఆ పాత పెట్టెను ఒక్కసారి ఆర్పి చూడండి అంటే యినరేం?” అంది మా కోడలు.

“ఆర్పితే ఏమొస్తాది? అది రెండోది. కొత్తదానికి ఒకటి ఇచ్చిండా కదా! ఒకటిని వదిలిపెట్టి మిషన్లు రెండు దగ్గరికి యాడ పోతాయి?” అన్నాడు మా కొడుకు.

“మరి మెయిలెందుకు పోలేదు?”

“బెంగుళూరోళ్ల కాడ ఏదో తిక్కుండాది.”

“ఔను, తిక్కంతా బెంగుళూరులోనే ఉండాది. ఈడ ఎవరికీ లేదు!”

ధర్మవరంలో మా ఇంటి ముందుగదిలో జరిగిన రభస ఇది. సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చిన కొత్తలో సంగతి. మా కొడుకూ కోడలూ ఆ గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసేవారు. నేతగాళ్లు ఆ డిజైన్ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టించుకుని మగ్గానికి కట్టుకుంటారు.

ఆ సాయంత్రం అలాంటి నేతగాడొకడు మా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అతని మగ్గాలు ఖాళీ. బెంగుళూరు దుకాణదారు డిజైన్ బొమ్మ చూసి సరే అంటేనే పని. దుకాణం మూసేలోపు బొమ్మ రాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఆయన ముందే చెప్పేశాడు. నేనిచ్చిన మజ్జిగ లోటా నేతగాడి చేతిలో అలాగే ఉంది.

“పోయిందా అన్నా?” అని లోపలికి తొంగి చూశాడు.

“పోతాండాది, కూర్చో” అన్నాడు మావాడు. పోవడం లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

నా చదువు అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. కంప్యూటర్లకు ఇంటర్నెట్ అందించే ఆ పెట్టెల సంగతి మాత్రం కొంత తెలుసు. ఒకటి పనిచేస్తుండగా ఇంకొకటెందుకని కొత్తది కొన్నరోజే నిలదీశాను. అప్పుడు మావాడు నేను పుట్టిన ఊరి పేరెత్తి చెప్పాడు.

“మీ పెనుకొండ కోటకు గవినులు ఉండాయి కదమ్మా. కోటలోంచి బయటికి పోవాలంటే ఏదో ఒక గవిని దాటాల. ఈ పెట్టెలూ అంతే. ‘నేనుండా, నా గుండా పోండి’ అని రెండూ అప్పుడప్పుడూ కేకేస్తాంటాయి. కేకతోపాటు ఒక అంకె చెప్తాయి. దాన్ని చూసి యా గవినికి పోవాల్నో ఈ కంప్యూటర్ మిషన్లే ఎంచుకుంటాయి.”

పాతదానికి కేబుల్ టీవీవాళ్ల వైరు, కొత్తదానికి మిద్దె మీది డిష్షు. కొత్తది ముందు, అది చెడితే పాతది అన్నాడు. ఉన్న వస్తువును పారేయలేదు కదా అని నేను ఊరుకున్నాను.

ఆరోజు మధ్యాహ్నం గాలి విసురుకు మెయిన్ రోడ్డులో ఆ కేబుల్ వైరు తెగిపడింది. మాకు తెలియదు. టీవీని నేను ఇంట్లోకి రానివ్వలేదు కాబట్టి తెలిసే దారీ లేదు. పాత పెట్టె దీపాలు మాత్రం ఎప్పటిలాగే పచ్చగా వెలుగుతున్నాయి. వెనుక దారి లేదని దానికీ తెలియదు. రమ్మని పిలుస్తూనే ఉంది.

మావాడు కంప్యూటర్లను ఆర్పాడు, మళ్లీ వేశాడు. అవి లేచిన ప్రతిసారీ అదే జరిగింది. బొమ్మ బయలుదేరినట్టే ఉంటుంది, ఎక్కడికీ చేరదు. బయట వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగుతూ వచ్చింది. నేతగాడి జేబులో ఫోన్ మోగింది.

“వస్తాండాది సార్, వచ్చేసినట్లే” అన్నాడు. అవతల ఏమన్నారో, ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని లేచి గడప దాకా వచ్చాడు.

“అరుపులు చాలించండి. ఆ మనిషి మొగం చూడండి” అన్నాను.

కోడలు మొగుణ్ణి కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది. పెట్టెల లెక్కలుండే పేజీ తెరిచి, కింద సన్నగా ఉన్న ఇంగ్లీషు చదివింది.

“ఈ అంకెలు మీరు ఏసినవేనా?”

“ఊఁ. ఒకటంటే ఫస్టు. క్లాసులో ర్యాంకు మాదిరి.”

“ర్యాంకు కాదు సామీ, ఇవి మార్కులు! ఎక్కువుండేదానికే పెద్దరికం. పాతదానికి రెండు ఏసి ముసలిదాన్ని నెత్తికెక్కించినారు గదా!” అంది. మళ్లీ నావైపు తిరిగి, “పెట్టెను అంటాండా అత్తా” అంది.

నేను నవ్వలేదు. అంటే ఇన్నాళ్లూ మిషన్లు పాత పెట్టె గుండానే పోతున్నాయి. దాని వైరు బాగున్నంతకాలం మాకెవరికీ తెలియలేదు, అంతే.

కోడలు అంకెలు మార్చింది. బొమ్మ వెంటనే వెళ్లిపోయింది. నేతగాడు దుకాణానికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. తర్వాత లోటా గడపమీద పెట్టి, “పొద్దున కనుక్కుంటాలే అన్నా” అని వెళ్లిపోయాడు. మజ్జిగ తాగనేలేదు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

పొద్దున్నే అతనే వచ్చి చెప్పాడు. బొమ్మ బాగుందని దుకాణదారు అన్నాడట, పని మాత్రం నిన్న సాయంత్రమే వేరేవాళ్లకు ఇచ్చేశాడట. మావాడు ఏదో చెప్పబోతే, “కానీలే అన్నా” అన్నాడు. ఎండ ఎక్కకముందే భార్యతో కలిసి హిందూపురం బస్సెక్కాడు, అక్కడి మిల్లులో పనికి.