దండం పెడితే బీప్

నవ్వొద్దంటే ఇంకింత నవ్వుతరని నాకెరుకే. అయినా చెప్తా, మల్లేశన్నా, మీరందరు గూడ లారీ డ్రైవర్లే గద, చాయ్ తాగుకుంట ఇనుండ్రి. పంతొమ్మిదేండ్ల సంది లారీ నడుపుతున్న. ఒక్క కేసు లేదు, బండికి ఒక్క సొట్ట లేదు. అసొంటి నన్ను మొన్న కోదాడల బొటనవేలంత కెమెరా ఒకటి ఆగమాగం చేసింది! గుద్దింది లేదు, గీకింది లేదు. నేను చేసిన తప్పల్లా దేవుళ్లకు దండం పెట్టుడే!

మొదటికెల్లి చెప్తా. నా ఇల్లు సూర్యాపేటల, నేను తోలేది మిర్యాలగూడ రైసుమిల్లు లోడు. మీకెరుకే గద ఆ సంబడం. ఎత్తేకాడ లైను, దించేకాడ లైను. ఒక్కోసారి మూడు దినాలు లారీల్నే తిండి, లారీల్నే పండుకునుడు. పండుకునుడంటే అదేం పండుకునుడు? ముంగట బండి రెండడుగులు జరిగితే మనం జరగాలె, లేకుంటే ఎనకోడు జొరబడ్తడు. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి కునుకు తీయాలె. మరి ఆ మూడు దినాలకు జీతమేదని మా సేటును అడిగితే ఏమంటడు? "బండి నడవంది పైసలేందిరా? హాయిగ పండుకుంటివి గద!" అంటడు. ఒళ్లు మండదా?

ఇంటికాడ నా పెండ్లాం రేణుక ఇంకో తీరు. "నువ్వు యాడొస్తున్నవ్ ఇంటికి? నీ నిద్ర వస్తున్నది, గంతే" అంటది. తప్పేమున్నది? గడప దాటంగనే మంచం మీద పడ్త.

గిట్లుండంగ కోదాడకెల్లి ప్రసాద్ గారు ఫోన్ చేసిండు. గల్ఫుకు డ్రైవర్లను పంపే ఏజెంటు ఆయన. "సైదులు గారూ, మస్కట్‌లో ఆయిల్ ఫీల్డు జాబులొచ్చాయండి. ట్యాంకర్ తోలేవాళ్లు కావాలంట. కంపెనీ వాళ్లే వచ్చి టెస్టు పెడుతున్నారు. మీకు హెవీ లైసెన్సుంది, సర్వీసుంది, ఇంకేం కావాలి? ఏం కంగారు పడమాకండి, వచ్చేయండి!"

నేను గప్పటికి రెండు దినాల సంది మిల్లు లైన్లనే ఉన్న. తెల్లారి లోడు దిగుడే ఆలస్యం, బండి అప్పజెప్పి, మొఖం కడుక్కొని కోదాడ బస్సెక్కిన.

టెస్టు ఊరి బయట ఒక పెద్ద ఖాళీ జాగల. నాతోని కలిపి ఎనిమిది మందిమి. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు పేరు జార్జి సారు, కేరళ మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెరిసే బూట్లు, మాట్లాడేది హిందీ, నవ్వనే నవ్వడు. ముందుగాల అందర్ని కూసోబెట్టి జీతం ముచ్చట, పని ముచ్చట చెప్పిండు. మంచి మనిషి, ఏదీ దాయలె. ఎండాకాలం డోరు తీస్తే మొఖం మాడుతది. రూముకు నలుగురు. యాడ చూసినా ఇసుకే, వారాలకు వారాలు ఊరు కండ్లవడదు. క్లీనర్ ఉండడు, టైరు కాడికెల్లి అన్ని మనమే చూసుకోవాలె. సెలవు ఏడాదికొక్కసారి. జీతం మా సేటిచ్చేదానికి మూడింతలు, తిండి కంపెనీదే. అండ్ల ఒక భాగం సేఫ్టీ బోనస్. బండ్ల కెమెరా డ్రైవర్ మొఖమే చూస్తుంటది, తప్పు చేస్తే బీప్ అంటది. బీపులెక్కువైతే బోనస్ ఖతం.

ఇవన్ని ఒకెత్తు, ఆఖరుకు చెప్పిన రెండు మాటలు ఒకెత్తు. రెండు గంటలు నడిపితే పదిహేను నిమిషాలు రెస్టు తీసుకోవాల్సిందేనంట! తీసుకోకుంటే మెమో ఇస్తరంట! ఇంగ లోడింగ్ కాడ లైన్ల ఉన్న టైమంతా డ్యూటీల్నే జమంట!

నేను ఆగలేక చెయ్యి లేపిన. "సార్, లైన్ మే ఖాలీ బైఠే తో భీ పైసా?"

"వెయిటింగ్ భీ డ్యూటీ హై," అన్నడు జార్జి సారు, కాగితాలల్లకెల్లి తలెత్తకుంటనే.

ఊకె కూసున్నా జీతమే! నవ్వకు మల్లేశన్నా, ఒట్టు, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. పంతొమ్మిదేండ్లల్ల ఒక్కడన్న ఆ మాట అనలె నాతోని. ఇగ ఏమన్నగాని, ఈ నౌకరి నాకే రావాలె అనుకున్న.

మొదటి నంబరు నాదే వచ్చింది. ట్రక్కెక్కితే ఏం చెప్పాలె! ఏసీ క్యాబిను, మెత్తటి సీటు, స్టీరింగ్ ఒక్క వేలితోని తిరుగుతది, ముంగట అద్దం కాడ బొటనవేలంత కెమెరా. మా లారీ సీటు మీద పంతొమ్మిదేండ్లు కూసున్న నా నడుముకు అసలిది సీటేనా అని అనుమానమొచ్చింది. స్టీరింగుకు మొక్కి, కండ్లకద్దుకొని, బెల్టు పెట్టుకున్న. పక్క సీట్ల జార్జి సారు అట్ట, పెన్ను పట్టుకొని కూసున్నడు. ఆయన బ్యాగు, ఫోను నడుమల పెట్టిండు.

ఆ జాగల రివర్స్ తీసిన, ఎనిమిది అంకె తీర్గ తిప్పిన. అడ్డం పెట్టిన ఎర్ర కోన్లల్ల ఒక్కటంటే ఒక్కటి తాకలె. "గుడ్" అన్నడు సారు. దూరంకెల్లి ప్రసాద్ గారు బొటనవేలు లేపి చూపించిండు. ఇగ రోడ్డు టెస్టు. హుజూర్‌నగర్ రోడ్డు పట్టుకొని పది కిలోమీటర్లు పోయి రావాలె. గింతేనా అనుకున్న! కండ్లు మూసుకొని పోయొస్త అనుకున్న!

మొదటి కిలోమీటర్ల్నే ఆంజనేయస్వామి గుడి.

నా కుడిచెయ్యి నన్నడిగి లేస్తదా? గుడి కనబడంగనే దాని పని అది చేసింది. స్టీరింగ్ ఇడిసి ఛాతికి తాకి, పెదాలకు తాకి, మళ్ల జాగల కూసున్నది.

"బీప్! దోనో హాథ్ స్టీరింగ్ పర్ రఖియే!"

కెమెరాలకెల్లి ఒక ఆడమనిషి గొంతు! రెండు చేతులు స్టీరింగ్ మీదనే ఉండాల్నంట. జార్జి సారు అట్ట మీద ఏందో రాసిండు. ఇగ చేతులు లేపేది లేదని గట్టిగ పట్టుకున్న.

ఇంకో కిలోమీటరు పోంగనే దర్గా. చూడుండ్రి నా పరేషాన్! మా అమ్మకు ఎన్నేండ్లకు పిల్లలు కాకుంటే దర్గాకు మొక్కింది, నేను పుడితే ఆ దర్గా పేరు మీదనే సైదులని పెట్టుకున్నది. పేరిచ్చినాయన ముంగటికెల్లి మొక్కకుంట ఎట్ల పోవాలె? చెయ్యి లేపద్దు అన్నరు గని తల వంచద్దు అనలె గద! మెల్లగ, మర్యాదగ తల వంచిన.

"బీప్! సామ్నే దేఖియే!"

ముంగట చూడాల్నంట! చూస్తనే ఉన్న గదనే తల్లీ అని లోపట్లోపట తిట్టుకున్న. సారు మళ్ల రాసిండు.

అటెనక ముత్యాలమ్మ గద్దె. చేతులు కదలలె. తల కదలలె. పెదాల మీదనే, సప్పుడు రాకుంట, "అమ్మా ముత్యాలమ్మా, ఈ ఒక్క నౌకరి ఇప్పియ్యి తల్లీ" అనుకున్న.

"బీప్! గాడీ చలాతే వక్త్ ఫోన్ పర్ బాత్ న కరేఁ!"

ఫోన్ల మాట్లాడద్దంట! నా ఫోను ప్రసాద్ గారి కాడ ఉన్నది! నాకు మస్తు కోపమొచ్చింది. "ఫోన్ యాడున్నదమ్మా? నేను మాట్లాడేది ముత్యాలమ్మతోని!" అన్న.

"బీప్! గాడీ చలాతే వక్త్ ఫోన్ పర్..."

"ఫోన్ కాదంటే ఇనవేందమ్మా?"

"బీప్!"

"చెప్పేది జర ఇను!"

"బీప్!"

జార్జి సారు రాసుడు ఆపి నా దిక్కు చూసిండు. "కిస్ సే బాత్ కర్ రహే హో?" ఎవలతోని మాట్లాడుతున్నవని.

"మేడమ్ సే, సార్."

"కౌన్ మేడమ్?"

నేను చెయ్యి చాపి కెమెరాను చూపించిన. చెయ్యి లేచింది గద, "బీప్! దోనో హాథ్ స్టీరింగ్ పర్..." అని అది మళ్ల మొదలుపెట్టింది! సారు కాగితం తిప్పి ఎనక దిక్కు రాసుడు షురూ చేసిండు. ముందల దిక్కు జాగ అయిపోయినట్టున్నది.

గప్పుడే చర్చి వచ్చింది. మా ఇంటెనకనే చర్చి ఉంటది, ప్రతి క్రిస్‌మస్‌కు కేకు తెచ్చి ఇస్తరు. తిన్న నోటికి జర ఇమానం ఉండాలె గద! ఇగ ఈసారి ఒక ఉపాయం చేసిన. చేతులు బిగబట్టిన, తల నిలబెట్టిన, పెదాలు మూసిన. మనసుల మొక్కుకుంటే ఏ కెమెరా పట్టుకుంటది? గని భయ్, మనసుల మొక్కుకునేటప్పుడు కండ్లు మూతపడుతయని నాకు గప్పటిదాక ఎరుకే లేదు!

ఈసారి బీప్ కాదు, సైరనే! కుయ్ కుయ్ కుయ్! "ఆప్ కో నీంద్ ఆ రహీ హై! గాడీ రోకియే!"

జార్జి సారు "స్టాప్! స్టాప్!" అని బండి పక్కకు ఆపిచ్చిండు.

"సార్, నిద్ర కాదు సార్, ప్రార్థన సార్!" అని తెలుగు, హిందీ కలిపి మొత్తుకున్న.

"రూల్ ఈజ్ రూల్. పంద్రహ్ మినిట్ రెస్ట్," అన్నడు. ఆయనే నా సీటు ఎనకకు వంచి, ఇంజను, ఏసీ నడవనిచ్చి, రోడ్డవుతల కొబ్బరిబొండాల బండి కనబడితే దిగి పోయిండు. ఆయన దిగంగనే నేను రెండు డోర్లు లాక్ చేసిన. ఎందుకంటే ఏం చెప్పాలె? లారీల ఒక్కడే పండుకుంటే డోరు లాకెయ్యంది మనకెవరికన్న కన్నంటుకుంటదా?

సరే, అన్ని రూల్సు తప్పిన, గీ ఒక్క రూలన్న సక్కగ చేసి చూపిద్దాం, పదిహేను నిమిషాలు కదలకుంట ఉందాం అనుకున్న. కండ్లు మూసుకున్న. చల్లటి గాలి. జరగమని హారన్ కొట్టెటోడు లేడు. పైగ ఇది డ్యూటీ! అబ్బ, ఏం సుఖం!

తర్వాత నాకెరుక అయింది అద్దం మీద దబదబ సప్పుడు. కన్ను తెరిస్తే అద్దానికి అంటుకొని ప్రసాద్ గారి మొఖం. "సైదులు గారూ! సైదులు గారూ! బతికే ఉన్నారాండీ?"

గంటన్నర అయింది! నిజంగ గంటన్నర! బండి చుట్టూ జనం. నా తర్వాత టెస్టుకు పోవాల్సిన ఏడుగురు ఆటో కట్టుకొని వచ్చి వరసగ నిలబడ్డరు. జార్జి సారును చూస్తే గుర్తుపట్టలె. తెల్లచొక్కా తడిసి ఒంటికి అతుక్కపోయింది, నెత్తి మీద ఎవలదో తువ్వాల, బూట్ల నిండ దుమ్ము. పదిహేను నిమిషాలకు వచ్చి డోరు కొట్టిండంట. పిలిచిండంట. టైరును తన్నిండంట. నా పక్కనే ఉన్న తన ఫోను మోగుతుంటే అద్దంలకెల్లి చూసుకుంట నిలబడ్డడంట! ఆఖరుకు బండి మీద పోయే ఒకాయనను ఆపి, జేబుల ఉన్న కార్డు చూసి ప్రసాద్ గారికి ఫోన్ చేపిచ్చిండంట. ఇంకో ఐదు నిమిషాలైతే అద్దం పగలగొట్టేటోళ్లే!

నాకు సిగ్గుతోని ప్రాణం పోయింది. దిగి చేతులు జోడిచ్చిన. "మాఫ్ కర్నా సార్, రెండు దినాల సంది లైన్ల ఉన్న సార్." ఆయన బ్యాగులకెల్లి నీళ్ల సీసా తీసి మొత్తం తాగిండు. పెన్ను తీసిండు. రాసిండు. కాగితం నా దిక్కు తిప్పిండు.

అన్ని గడులల్ల ఎర్ర గుర్తులే. ఆఖరు గడిల ఒక్కటి పచ్చ టిక్కు. "రెస్ట్: ఎక్సలెంట్."

గప్పుడు చూసిన ఆయన మూతి. నవ్వు ఆపుకుంటున్నడు! ఇగ ఆపుకోలేక పకపకా నవ్విండు. "పన్నెండేండ్ల సర్వీసుల రెస్టు తీసుకోమంటే దొంగ కండ్లు మూసేటోళ్లనే చూసిన. నిజంగ పండుకున్నోడివి నువ్వొక్కడివే," అని హిందీల అన్నడు. ఈ బ్యాచుల ఫెయిలే, రెండు నెలలకు వచ్చే బ్యాచుల మళ్ల రమ్మన్నడు. అని, ప్రసాద్ గారి దిక్కు తిరిగి, అప్పటికి గుడి, దర్గా, చర్చి ఏదీ లేని రోడ్డొకటి చూసిపెట్టమన్నడు.

ప్రసాద్ గారు తల గోక్కున్నడు. "అలాంటి రోడ్డు మా వైపు ఎక్కడుందండీ సార్? అది మీ ఎడారిలోనే ఉంటుంది!"

నా తర్వాత టెస్టుకు పోయిన ఏడుగుర్ల ఐదుగురు పాసయిండ్రు. నా సంగతి ఇన్నరు గద, దేవుళ్లందరికి బండెక్కకముందే ఒకేసారి మొక్కి పోయిండ్రు. దొంగలు!

సూర్యాపేట బస్సెక్కి కూసున్ననో లేదో రేణుక ఫోన్ చేసింది. పొద్దటికెల్లి ఎదురుచూస్తున్నది పాపం.

"ఏమైంది? పాసయినవా?"

"ఒక్క దాంట్ల పాసయిన."

"దేంట్ల?"

"నిద్రల."

బాధపడుతదేమో అనుకున్న. ఆమె అన్నది గదా, "దానికి కోదాడ దాక పోయి పరీక్షెందుకు ఇచ్చినవయ్యా? నన్నడిగితే పెండ్లయిన వారానికే రాసిస్తుంటి గద సర్టిఫికెట్!"