రేకు మీద రెండు దెబ్బలు

మా చిన్నాయన పోయాడని హిందూపురం నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన గొంతే. అది మూగబోయి ఏడాది దాటినా అదే గుర్తొచ్చింది. ధర్మవరం బస్సులో కండక్టరుగా ఉద్యోగమంతా గడిపిన మనిషి. దారిలో పెనుకొండ స్టాండులో ఆయన కేక వేస్తే బస్సుతో పని లేనివాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లు.

రిటైరయ్యాక తొడ కండలో గడ్డ లేచింది. అరుదైన రకం క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేసి తీసేశారు. ఇలాంటిది పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే పాకుతుందని డాక్టరు ప్రతిసారీ ఛాతీకి పరీక్ష చేయించేవాడు. అక్కడ ఏమీ లేదు. ఈలోగా నాలుక మీద బొడిపె వచ్చింది. ఆకువక్కలో సున్నం ఎక్కువై పొక్కిందని చిన్నమ్మ తిట్టి, సున్నం డబ్బీ దాచేసింది. ముక్క తీసి చూస్తే అది తొడలో గడ్డ తాలూకు పిలకే.

మేమంతా బిక్కచచ్చిపోతే ఆయనే నవ్వాడు. "ఏమప్పా, ధర్మవరానికి టిక్కెట్టు తీసుకున్నోడు పెనుకొండలో దిగేసినాడు. డాక్టరు పాపం ధర్మవరం స్టాండులో కాసుకోని ఉండాడు."

"ఊరికే తిడితి గదా నిన్ను!" అని చిన్నమ్మ ఏడ్చింది.

బొడిపె పెరిగి ముద్ద దిగడం కష్టమైంది. నాలుక చాలావరకు తీస్తే మెత్తటి తిండి మింగగలడు, మాట మాత్రం రాదన్నారు. ఆ మాట లేని ఇంట్లో ఎలా ఉండాలని చిన్నమ్మ బెంగ.

"అరిచింది చాల్లేప్పా. నాకు సంగటి ముద్ద దిగల్ల," అన్నాడాయన. నేను విన్న ఆఖరి మాట అదే.

ఆ తర్వాత ఆయన మంచం పట్టెతో మాట్లాడాడు. బస్సు రేకు మీద కొట్టినట్టే, ఒక దెబ్బంటే ఆగు, రెండంటే పోనీ. చిన్నమ్మ సంగటి పెడుతుంటే రెండు, కడుపు నిండితే ఒకటి. చుట్టాలు ఓదార్పు మొదలుపెడితే ఒకటి, గట్టిగా. చిన్నమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేది. పోనుపోనూ ఆమె కూడా అక్కడినుంచి గిన్నె కొట్టి జవాబిచ్చేది. నిజం చెప్పాలంటే, వాళ్లిద్దరూ అన్ని కబుర్లు చెప్పుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంటికి ఓదార్చడానికి వెళ్లి, ప్రతిసారీ నేనే తేలికపడి వచ్చేవాణ్ని.

చివరికి అది గుండె కండలోకి పాకింది. అక్కడికి పోవడం ఇంకా అరుదట. ఆ సంగతి చెప్పగానే చిన్నాయన పట్టె మీద ఒక దెబ్బ కొట్టి, మా అందరి ముఖాలూ చూసి నవ్వాడు.

ఫోను అందుకుని నేను వెళ్లాక, శ్మశానానికి తీసుకెళ్లడానికి ఆయన్ని వ్యానులో ఎక్కించాం. బండి కదిలిందో లేదో చిన్నమ్మ రేకు మీద ఒక దెబ్బ కొట్టింది. బండి ఆగింది. ఆమె లోపలికెక్కి, తాను దాచిన సున్నం డబ్బీని ఆయన చేతిలో పెట్టి కిందికి దిగింది.

తర్వాత రెండు దెబ్బలు కొట్టింది.