పూలనీళ్లు చల్లిన సాలీడు

"ఇది కరిస్తే నా పిల్ల ఏమైపోతుంది, ఖాల్తీ?"

నిమ్మచెట్టుకూ కుళాయి గోడకూ మధ్య గూడు అల్లుకున్న సాలీడును చూపిస్తూ హాజర్ అడిగింది. వెండిరంగు వీపు, చారల కాళ్లు, చాపితే అరచేయంత. చంకలోని పధ్నాలుగు నెలల తస్నీమ్ అప్పటికే దానివైపు చెయ్యి చాపుతోంది. హాజర్ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఈ సాలీడు కరిస్తే కందిరీగ కుట్టినంతేనని చదివింది కూడా. కానీ చదువు తలలో ఉంది, భయం చంకలో ఉంది.

పినతల్లి వరస కలిపి ఆమె ఖాల్తీ అని పిలిచింది తాను అద్దెకుంటున్న ఇంటావిడ మన్నూబియాను. నాబుల్ ఊళ్లోని కుండల కార్ఖానాలో మన్నూబియా ముప్పై ఒక్క ఏళ్లు పళ్లేలకు నీలి గీతలు వేసింది. బట్టీలో కాలి వచ్చిన పళ్లేన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టి, వెంట్రుకంత బీట ఉన్నా పసిగట్టేది. ఆమె సరేనన్న పళ్లెం దుకాణం నుంచి తిరిగొచ్చిన రోజు లేదు. పని మానేశాక ఆ కన్ను ఊరికే ఉండలేక సాలెగూళ్ల మీద పడింది. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే తోటలోకి వచ్చి, కార్ఖానా నాటి నల్ల ఏప్రన్‌ను దారాలు కనబడేలా గూటి వెనక కొమ్మకు తగిలించి, ఊపిరి బిగబట్టి ఫోనుతో ఫోటో తీస్తుంది. బూజు దులపడానికి బద్ధకమని పక్కింటావిడ దెప్పింది. నీ పరదా ఉతికి రెండేళ్లయింది, నా సాలీడు రోజూ కొత్తది నేస్తుందని మన్నూబియా తిప్పికొట్టింది.

హాజర్ పురుగుల మందు డబ్బా కొనుక్కొచ్చింది. మన్నూబియా దాన్ని చూసి కోప్పడలేదు.

"ఏడు పొద్దులు ఆగు, రోజూ కొలుద్దాం. అది ఒక్క పొద్దు నేలకు దిగినా నువ్వు మందు కొట్టక్కర్లేదు, నేనే చీపురుతో కొడతా."

ఎలా కాదంటుంది? హాజర్ పిల్ల చాపను లోపలికి మార్చి, తలుపుకు గడియ పెట్టి, టేపు పట్టుకుని తోటలోకి వచ్చింది. గూటి కింది అంచు నేలకు నూట పన్నెండు సెంటీమీటర్లు. మునివేళ్ల మీద నిలబెట్టి కొలిచినా తస్నీమ్ చెయ్యి తొంభై రెండే. అంకెలు రాసుకుంది. అయినా పిల్ల చాపను మళ్లీ బయట వేయలేదు.

నాలుగో రోజు దక్షిణపు పొడిగాలి వీచింది. మంచు పడలేదు, దారాలు ఫోటోలో కనబడటం లేదు. లెక్క మధ్యలో తెగిపోకూడదని హాజర్ ఫ్రిజ్‌లోని సీసా తీసి, పొడుగు మెడ చిలకరింపు బుడ్డిలో పోసి గూటిమీద చల్లింది. గుప్పుమని వాసన కొట్టాక గాని తెలియలేదు, అవి మంచినీళ్లు కావని. వసంతంలో కాచి పెట్టిన నారింజపూల నీళ్లు! ఆ ఊళ్లో ఏ ఇంటి ఫ్రిజ్‌లో చూసినా మంచినీళ్ల సీసా, పూలనీళ్ల సీసా ఒక్కలాగే ఉంటాయి.

సాలీడు గూడంతా కంటికి ఆనకుండా ఊగేలా కుదిపింది. ఆ పాటికి తల్లి కొంగు పట్టుకుని తస్నీమ్ చెట్టు కిందే నిలబడి ఉంది. హాజర్ పిల్లను ఎత్తుకునే లోపే సాలీడు పరుగెత్తింది, పిల్లవైపు కాదు, పైకి, ఆకుల్లోకి. పారిపోయింది.

మన్నూబియా ముక్కు ఎగబీల్చింది.

"ఎంత పని చేశావే! గడప దాటి వచ్చిన చుట్టాలకు చల్లే నీళ్లు దానికి చల్లేశావు. ఇప్పుడిక వెళ్లిపొమ్మని ఏ మొహం పెట్టుకుని చెప్తావ్?"

ఆ వారంలో హాజర్ నవ్వడం అదే మొదలు.

ఐదో రోజు గూడు లేదు. పోతే బాగుండునని కోరుకున్న మనిషే రెండుసార్లు వచ్చి వెతికింది. ఆరో రోజు మునుపటికన్నా జానెడు పైన కొత్త గూడు వెలిసింది. ఈసారి నల్లగుడ్డ మన్నూబియా పట్టుకుంది, ఫోటో హాజర్ తీసింది. నడుమ నుంచి అంచుకు సాగిన దారాలు ముప్పై నాలుగు లెక్కపెట్టింది. ఏడో పొద్దు కూడా కొలిచాక మందు డబ్బా దుకాణానికి తిరిగి వెళ్లింది.

ఆ శీతాకాలం ఊరి సంస్కృతి భవనంలో మన్నూబియా ఫోటోలు నలభై, గోడ పొడవునా వేలాడాయి. హాజర్ పిల్లను ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ మా ఇంటావిడ తీసినవేనని చెప్పింది. ఏ కెమెరాతో తీశావమ్మా అని ఒక పెద్దమనిషి అడిగాడు. మన్నూబియా తల ఎత్తి జవాబిచ్చింది.

"ఫోను మా మేనల్లుడిచ్చింది. నేత సాలీడుది. కన్ను మాత్రం నాది."

ఇప్పుడు తస్నీమ్ ఒళ్లు వెచ్చబడితే హాజర్ ముందు గంటకోసారి చొప్పున మూడుసార్లు జ్వరం చూసి కాగితం మీద రాస్తుంది. కంగారు పడాలో వద్దో ఆ తర్వాతే తేల్చుకుంటుంది. ఆ రోజు ఫోటోల దగ్గరనుంచి ఇంటికి నడిచొస్తూ మన్నూబియా చెప్పిన మాట అది.

"భయమేసినప్పుడు దాని వెనక నల్లగుడ్డ పట్టు, బిడ్డా. ఎక్కడుందో, ఎంతుందో ముందు కనబడనీ. చీపురు ఎక్కడికీ పోదు."