వణుకు మందు

మొన్న శ్రావణంలో, కిడ్నీ మార్పిడి జరిగి ఏడాదైనా తిరగని మా చెల్లెలికి దగ్గు తగ్గడం లేదని రాజమండ్రిలో స్కాన్ తీయిస్తే, డాక్టరుగారు ఫిల్ము చూసి ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందన్నారు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే మాత్రలు రోగాన్ని ఎదుర్కొనే శక్తిని అణచిపెడతాయి కాబట్టి ఇలాంటివి వస్తుంటాయని ఆయన నిదానంగానే చెబుతున్నారు గానీ, ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి రిటైరైన నేను మాత్రం ఫంగస్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ మాట నేను మొదట విన్నది ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. ద్రాక్షారామం వైపు నుంచి రక్తకాన్సరుతో వచ్చిన ఒక అమ్మాయికి, నా ఈడుదే, వైద్యంతో ఒంట్లో శక్తంతా ఉడిగిపోయాక ఇలాగే ఫంగస్ పట్టింది. అప్పట్లో మా దగ్గర దానికి ఉన్నది ఒక్కటే మందు. వెలుతురు తగలకుండా సీసాకు నల్లకాగితం చుట్టి చుక్క చుక్కగా గంటల తరబడి ఎక్కించేవాళ్లం. సగం దిగేసరికి మంచం చప్పుడయ్యేంత వణుకు వచ్చేది, మూడు దుప్పట్లు కప్పి నేనూ వాళ్ల అత్తగారూ చెరోవైపు పట్టుకునేవాళ్లం. నర్సులందరం దాన్ని వణుకు మందనే అనేవాళ్లం. కోడలిని కన్నకూతురిలా చూసుకునే ఆవిడ, నేను సీసా పట్టుకుని వార్డులోకి రాగానే లేచి నిలబడేది.

"ఈ ఒక్కరోజుకీ మానేద్దామండీ సిస్టరుగారూ."

మానితే ఫంగస్ ఆగదు, ఎక్కిస్తే కిడ్నీలు ఓర్చుకోవు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఒకరోజు, ఇంకో నలుగురు రోగులు ఎదురుచూస్తున్నారని చుక్కల వేగం కాస్త పెంచాను. ఆనాటంత వణుకు మునుపెన్నడూ చూడలేదు. గబగబా ఆపేశాను గానీ, ఆ పిల్ల నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరపు రాదు. పదిరోజులకు దాని కిడ్నీలు దెబ్బతిని మందు ఆపేయాల్సి వచ్చింది, ఆ వారంలోనే పోయింది. నా తొందరవల్ల కాదని చదువుకున్న బుద్ధికి తెలుసు, మనసుకు తెలియదు.

మా చెల్లెలికిచ్చింది కొత్త మందు. రెండురోజులు సెలైన్‌లో, ఆపైన ఇంట్లో వేసుకునే క్యాప్సూల్స్. కిడ్నీకి అంత చేటు చెయ్యదని డాక్టరుగారు చెప్పినా నమ్మలేదు. మొదటి సీసా పెట్టగానే దుప్పట్లు దగ్గరుంచుకుని, చెల్లెలి కాళ్లు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అరగంటయింది, గంటయింది.

"ఏంటక్కా, అలా పట్టుకున్నావు? ఉక్కగా ఉంది, ఆ ఫ్యాను కొంచెం పెంచు," అంది.

ఫ్యాను పెంచి, వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

మూడునెలలకు స్కాన్‌లో మచ్చ సగానికి తగ్గింది. ఇంకా వాడాలట, దగ్గు వినబడితే నాకింకా భయమే. అక్కడి నర్సుపిల్లకు ఆ పాత మందు సంగతి చెబితే ఎక్కడిదో కథలా విన్నది. దానికి తెలియకపోవడమే మంచిది. కానీ ఆ రోజుల్లో వార్డుల్లో తిరిగిన మాకు, కొత్త మందొచ్చిన సంతోషంలో కూడా అది రాకముందు పోయినవాళ్లే ముందు గుర్తొస్తారు. నాకు చెల్లెలు దక్కింది. ఆ అత్తగారికి కోడలు దక్కకపోవడానికి కారణం, ఆ పిల్లకు రోగం ఇన్నేళ్లు ముందుగా రావడమే.