కొమురెల్లి పేరు లేని పుస్తకం

సిరిసిల్లలో నేత మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికే సక్కుబాయికి తండ్రి ముఖం గుర్తు లేదు. ఆమెకు మూడేళ్లప్పుడు, 1942లో, తండ్రి కొమురెల్లికి బొంబాయి మిల్లులో పని పోయింది. ఓడ పేరు చెప్పి, అందులో బొగ్గు వేసే కొలువు దొరికిందని, ఆ రోజే ఎక్కుతున్నానని ఇంటికి ఉత్తరం రాశాడు. అదే ఆఖరు. ఆ ఓడ మునిగిందని ఎవరో అన్నారు గానీ కాగితమేదీ రాలేదు. పెత్రమాసనాడు ఊరంతా పోయినవాళ్ల పేరున బియ్యం ఇస్తుంటే, తల్లి దేవవ్వ మాత్రం ఇవ్వనిచ్చేది కాదు.

"సచ్చినట్టు ఎవలు చూసిండ్రు?" అనేది.

1976లో దేవవ్వకు ఆయాసం ముదిరింది. "బిడ్డా, నేను పొయ్యేలోపల మీ బాపు సంగతేందో జర తెలుసుకో" అని తనే అడిగింది.

సక్కుబాయి బొంబాయి వెళ్లింది. అక్కడ మిల్లులో పనిచేసే చిన్నాయన కొడుకు కైలాసం ఆమెను ఓడల ఆఫీసుకు తీసుకెళ్లాడు. మూడు రోజులు తిరిగాక గుమాస్తా పాత పుస్తకం తీశాడు. ఆ ఓడలో పోయినవాళ్లలో సిరిసిల్ల మనిషి ఒక్కడే ఉన్నాడు. పేరు హనుమండ్లు.

కైలాసం బిత్తరపోయాడు. "అక్కా, గీ హనుమండ్లు భీవండిల బతికే ఉన్నడు! మొన్న పెండ్లిల నాతోని మాట్లాడిండు."

మర్నాడే ఇద్దరూ భీవండి వెళ్లారు. ఎవరి బిడ్డో చెప్పగానే హనుమండ్లు చాప పరిచి కూర్చోబెట్టాడు.

"ఓడ ఎక్కాలంటే చూపెట్టే పేరు పుస్తకం నాదే బిడ్డా. ఎక్కే దినం నాకు జరమొచ్చింది. 'నీ బదులు నేను పోత, నువ్వు పండుకో' అని మీ బాపు నా పుస్తకం పట్టుకపోయిండు."

"ముప్పై నాలుగేండ్లు చెప్పలేదెందుకు కాకా?"

"మీ అవ్వ ముందట నిలవడే ధైర్నం రాలే. మల్ల ఊరి మొకమే చూడలే."

ఆయన ఆఫీసుకు వచ్చి, తను బతికే ఉన్నానని, తన బదులు ఎక్కింది కొమురెల్లి అని చెప్పాడు. కొమురెల్లి ఎక్కినట్టు రుజువు లేకుండా పుస్తకం దిద్దలేమన్నారు.

సక్కుబాయి తిరిగొచ్చి తల్లికి ఉన్నదంతా చెప్పింది. దేవవ్వ హనుమండ్లును ఒక్క మాట అనలేదు. "ఓడ మునిగింది ఏ దినం?" అని మాత్రం అడిగింది.

"ఆఫీసోళ్ల తారీకు లెక్కగడితే కార్తీక పున్నమి."

 దేవవ్వ కూతురి చెవి తడిమింది.

"గా దినమే వేములవాడల నీకు చెవులు కుట్టిచ్చిన. నువ్వేడుస్తుంటే నవ్వుకుంట బెల్లం పెట్టిన. గా యాల్లనే ఆయన నీళ్లల్ల..."

ఆ చలికాలం దాటకుండానే ఆమె పోయింది. రెండేళ్లకు హనుమండ్లూ పోయాడు. సక్కుబాయి బడిపంతులు చేత, తండ్రి పేరు ఎక్కించమని ఆఫీసుకు అర్జీలు రాయిస్తూనే ఉంది. 1983లో ఒక జవాబు వచ్చింది. పంతులు గుమ్మంలో నిలబడి చదివాడు: కొమురెల్లి అనే పేరుగల మనిషి ఆ ఓడ ఎక్కలేదు.

"ఇంకోపారి రాయి సారూ," అంది సక్కుబాయి.