గాలికి పడ్డ గడియ

మా వదినకు పగ పట్టడం బాగా వచ్చు. ఆడపడుచును కదా, ఆ సంగతి అందరికంటే ముందు నేనే కనిపెట్టాను. ఒకసారి కింది వాటా ఆవిడ వదిన కొత్త గొడుగు అడిగి పట్టుకెళ్లి, ఊచలు విరగ్గొట్టి తెచ్చి, మూలన నిలబెట్టి పోయింది. వదిన కిమ్మనలేదు. మళ్లీ వాన పడి ఆవిడ గొడుగు కోసం వస్తే, నవ్వుతూ అదే గొడుగు తీసి చేతికిచ్చింది. ఆవిడ తడుచుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, అప్పుడు వెళ్లి టీ పెట్టుకుంది.

సినిమాలకు చప్పుళ్లు చేయడం వదిన పని. షూటింగులో మైకులు మాటలు పట్టుకుంటాయి గానీ అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు సరిగా పట్టవు. అవన్నీ తర్వాత ఒక గదిలో తెర మీద బొమ్మ చూస్తూ చేసి నింపాలి. ఆ గదిలో ఒక గుంటలో ఇసుక, ఇంకో గుంటలో కంకర, బస్తాల నిండా ఎండుటాకులు, గోడ పొడవునా పాత చెప్పులు, బూట్లు. తెర మీద హీరో నడిస్తే ఇక్కడ వదిన నడుస్తుంది. విలన్ కింద పడితే వదినే పడుతుంది. ఆవిడ పేరు మాత్రం సినిమా చివర, జనం లేచి కాళ్లతో చెప్పులు వెతుక్కునేటప్పుడు వస్తుంది.

ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు సినిమా డైరెక్టరు. మా ఇంట్లో అతన్ని డైరెక్టరు గారనే అంటాం. ఆ 'గారు' ఎంత మర్యాదగా అంటామో మాకే తెలుసు.

కొన్నేళ్ల కిందట అందరం కలిసి సెలవులకు అడవికి వెళ్లి ఒక చెక్క ఇంట్లో దిగాం. అన్నయ్య, వదిన, వదిన వాళ్లమ్మ, తమ్ముడు, నేను. అతను అప్పటికింకా డైరెక్టరు కాలేదు గానీ కోతలు బాగానే కోసేవాడు. కొత్త బూట్లు వేసుకొచ్చాడు. కిర్రు, కిర్రు, కిర్రూ. కుడి మడమ ఈడ్చి నడవడం అతని అలవాటు, అందుకే మూడోది అలా సాగుతుంది. ఏ బూట్లు కొన్నా నాలుగు రోజుల్లో అదే పాట మొదలుపెడతాయి.

"పిట్టలన్నీ నీ బూట్లకే జడిసి పోతున్నాయిరా," అని వాళ్లమ్మే ఏడిపించింది.

"ఏం చప్పుడు? నాకేం వినపడట్లేదే," అన్నాడు. అబద్ధం కాదు. గురక పెట్టేవాడికి తన గురక వినపడుతుందా?

ఆ మర్నాడు సాయంత్రం మబ్బు కమ్మి కరెంటు పోయింది. గదంతా చీకటి. అన్నయ్య కట్టెలు తేవడానికి పెరట్లోకి వెళ్లాడు. అంతలో బయట పొదల్లోంచి అడవి పంది గుర్రుమంది. అన్నయ్య పరుగెత్తుకొస్తున్నాడు. గదిలో మాత్రం కిర్రు, కిర్రు, కిర్రూ. కిటికీ దగ్గర మొదలై తలుపు దాకా వెళ్లింది. వెంటనే ఇనుప గడియ పడింది. అన్నయ్య తలుపు బాదుతున్నాడు.

"ఆగు బావా, ముందు బయట ఏముందో చూడనీ," అని తలుపు దగ్గర్నుంచి తమ్ముడి గొంతు.

వదిన చీకట్లో తడుముకుంటూ వెళ్లి, తమ్ముణ్ణి పక్కకు తోసి గడియ తీసేసరికి పంది కోరకు అన్నయ్య పిక్క చీలిపోయింది.

"గడియ గాలికి పడిందక్కా. నేను తీయడానికే వెళ్లాను," అన్నాడు ఆసుపత్రిలో. ఇనుప గడియ గాలికి పడిందట! అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి, "పోనీలేరా," అన్నాడు. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన కిమ్మనలేదు. నాకు గొడుగు గుర్తొచ్చింది.

కాలు మానింది గానీ కుంటు మిగిలిపోయింది. అన్నయ్య కుంటుతూనే తన కళ్లజోళ్ల దుకాణం నడుపుకుంటున్నాడు. ఆ గొడవ అంతటితో పోయేదేమో. కానీ పోయిన ఏడాది డైరెక్టరు గారు ఆ సెలవులనే కామెడీ సినిమా తీశాడు. అందులో బావ ఉత్త పిరికిపంద. పందిని చూసి ఇంట్లోకి దూరి, బావమరిది బయట ఉండగానే గడియ వేసేస్తాడు. మంచం కింద దాక్కుంటే ఆ మంచమే కాలి మీద కూలి కుంటివాడవుతాడు. బావమరిదేమో బయట ఒంటి చేత్తో పందిని తరిమికొడతాడు. ఇది మా ఇంట్లో నిజంగా జరిగిందేనని, సినిమా విడుదల కాకముందే కనపడ్డ మైకుకల్లా చెప్పాడు కూడా.

"మంచం కింద దూరింది మీరేనటగా!" అని దుకాణానికి వచ్చినవాళ్లు అడగడం మొదలుపెట్టారు. అన్నయ్య నవ్వేసి అద్దాలు తుడిచేవాడు. కానీ కుర్చీలోంచి లేవడం మానేశాడు. ఎవరైనా పై అరలోని ఫ్రేము చూపించమంటే, సరుకు లేదనేవాడు. తను నాలుగడుగులు వేయడం ఎవరూ చూడకూడదని. అది వదిన కంట పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా ఆ వారమే డైరెక్టరు గారు సినిమా పట్టుకుని అక్క దగ్గరికి వచ్చాడు. "నీ అంత బాగా ఎవరు చేస్తారక్కా? ఆ బావ నడిచినప్పుడల్లా జనం పడీపడీ నవ్వాలి. ఏదో ఒక తమాషా చప్పుడు పెట్టు."

"పెడతాలే," అంది వదిన.

నేను క్యారియర్ తీసుకెళ్లేసరికి ఆ గదిలో నేల మీద కూర్చుని, పాత తోలు సంచి తడిపి చెక్క మీద మెలిపెడుతోంది. ఒకటి చేసి కాదంది. ఇంకోటి చేసి కాదంది. ఆఖరికి కళ్లు మూసుకుని మెల్లగా మెలితిప్పింది. కిర్రు, కిర్రు, కిర్రూ.

క్యారియర్ కింద పెట్టేశాను. "వదినా, ఇవి..."

"గుర్తున్నాయా?"

"చచ్చినా మర్చిపోను."

"వాడికి గుర్తున్నాయేమో చూద్దాం."

అతను వచ్చి విన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "అదిరిందక్కా! ఎక్కడ దొరికిందీ చప్పుడు?"

"అడవిలో," అంది వదిన.

"ఇంకాస్త పెంచవయ్యా," అని రికార్డింగు ఇంజనీరుకు చెప్పి బయటికి నడిచాడు. కిర్రు, కిర్రు, కిర్రూ. ఇంజనీరు అద్దం వెనకనుంచి అతని కాళ్లకేసి చూశాడు, వదినకేసి చూశాడు, తల దించుకుని పెంచేశాడు.

మొదటి ఆటకు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాడు. తెర మీద పిరికి బావ గడియ వేయడానికి పరుగెత్తాడు. ఆ చప్పుడుకు హాలంతా గొల్లుమంది. మా వరస మాత్రం నవ్వలేదు. వాళ్లమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అవి వీడి బూట్లు కదే," అంది గొణుగుతూ. తర్వాత వదినవైపు వంగి, "తోడబుట్టినవాడే, వదిలెయ్యవే," అంది.

"నీ అల్లుడి కాలికి చెప్పమ్మా ఆ మాట," అంది వదిన. ఎంత చల్లగా అందో! నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

సినిమా ఆడింది. కథకంటే ఆ చప్పుడే ఎక్కువ ఆడింది. వీధుల్లో, బస్సుల్లో జనం ఒకరినొకరు అదే కూతతో ఏడిపించుకున్నారు. తర్వాత పెద్ద హాల్లో విజయోత్సవం చేశారు. డైరెక్టరు గారిని వేదిక మీదికి పిలిచారు. కింద డొల్ల చెక్కలు, పైన మైకులు. కిర్రు, కిర్రు, కిర్రూ. ఎవరో కిసుక్కుమన్నారు. అభిమానం అనుకుని చెయ్యి ఊపాడు. ఇంకో నాలుగడుగులు వేశాడు. అంతే, హాలు హాలంతా గొల్లుమంది. బావ వేషం వేసిన నటుడే అతని బూట్లు చూపిస్తూ కుర్చీలో దొర్లాడు.

"ఆ గడియ వేసిన బావ మీరేనా సార్?" అని ముందు వరసలోంచి ఒక విలేకరి అరిచాడు.

డైరెక్టరు గారు ఆగి తన కాళ్లు చూసుకున్నాడు. తర్వాత మా వరసకేసి చూశాడు. వదిన నవ్వడం లేదు. నిలబడి చప్పట్లు కొడుతోంది. అన్నయ్య లేచి, ఆ జనం మధ్యనుంచే, దాచుకోకుండా కుంటుతూ బయటికి నడిచాడు. అతని కాలు చూసి నవ్వినవాళ్లు లేరు. నేను కడుపారా చూశాను. తిక్క కుదిరిందనుకున్నాను, ఏమాత్రం జాలిపడలేదు.

మర్నాడు పొద్దున టీ తాగుతున్నాం. మెట్ల మీద కిర్రు, కిర్రు, కిర్రూ. వదిన గ్లాసు పక్కన పెట్టి, లేచి వెళ్లి గడియ వేసింది.

"అక్కా, తలుపు తియ్యి. పేపర్లన్నీ నా మీదే పడ్డాయి. ఊరికే తమాషాకి చేశానని నువ్వొక్క మాట చెప్పు చాలు. అక్కా!" తలుపు బాదుతున్నాడు.

అన్నయ్య లేవబోయాడు. "పోనీ, తియ్యవే."

"మీరు కూర్చోండి," అంది వదిన. అని, తలుపుకు దగ్గరగా జరిగి, కాస్త గొంతు పెంచింది. "ఆగు తమ్ముడూ, ముందు బయట ఏముందో చూడనీ."

తలుపు బాదడం ఆగిపోయింది. బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు కాబోలు, అతను మెట్లు దిగి వెళ్లిన చప్పుడు కూడా మాకు తెలియలేదు.